ఆరుగురు శ్రీనివాసులు, ఒక బడి పత్రిక

తిరుపతిలో ఏ బడి హాజరు పట్టీ తీసినా తరగతికి ఇద్దరు ముగ్గురు శ్రీనివాసులు, ఒకరిద్దరు వెంకటరమణలు, ఒక మునిరత్నం, ఒక మునిలక్ష్మి ఉండి తీరేవాళ్లు. చిత్తూరు వైపు పోతే వీళ్లకు తోడు వినాయకాలు, చెంగల్రాయుళ్లు. బడి పత్రిక వేసేవాళ్లకు మొదటి చిక్కు అక్కడే. ఎనిమిదో తరగతి బి సెక్షన్ కె. శ్రీనివాసులు రాసిన పొడుపు కథ ఎ సెక్షన్ జి. శ్రీనివాసులు పేరు మీద పడిందంటే ఆ పిల్లవాడికి ఇక పత్రికంతా తప్పుల తడకే. ముఖచిత్రం ఎంత బాగున్నా వాడికి పట్టదు. వార్షికోత్సవం రోజు వేదిక మీది పెద్దలు ముందు సందేశాల పేజీ తిప్పుతారు. పిల్లలు ముందు తమ పేరు వెతుక్కుంటారు, తర్వాత పక్కవాడి పేరు, ఆ తర్వాతే తక్కినవి. అందుకే చేయి తిరిగిన తెలుగు అయివార్లు పత్రిక పనిని బొమ్మలతోనో సందేశాలతోనో మొదలుపెట్టేవాళ్లు కాదు. పేర్ల పట్టీతో మొదలుపెట్టేవాళ్లు.

రచన ఇంచుమించు ఏ4 అంత ఉండే అరఠావు కాగితం మీద, ఒక వైపే రాయాలి. ఎడమ పక్క రెండు వేళ్ల మార్జిన్ వదలాలి. పేరు, ఇంటిపేరు పొడి అక్షరం, తరగతి, సెక్షన్, హాజరు పట్టీలో నంబరు పైన రాయాలి, కింద కాదు. రెండు మూడు కాగితాల వ్యాసంలో ఊడి పోయేది ఎప్పుడూ చివరి కాగితమే. పేరు అక్కడ ఉంటే కాగితంతో పాటే పోతుంది. హాజరు నంబరు ఎందుకంటే, ఒకే సెక్షన్‌లో ఇద్దరు కె. శ్రీనివాసులు ఉండడం కూడా కొత్తేమీ కాదు.

ఒక్క ప్రతితో నడిచే లిఖిత పత్రిక సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. మంచి దస్తూరి ఉన్న ఇద్దరు పిల్లలు, డ్రాయింగ్ షీట్లు, రంగు పెన్సిళ్లు, దారంతో కుట్టు. వారానికొక తరగతి చొప్పున తిరిగేది. పదో తరగతి చేతికి వచ్చేసరికి ముఖచిత్రం ఊడిపోయి ఉండేది.

అసలు పనితనం రోనియో దగ్గర, అంటే స్టెన్సిల్ డ్రమ్ముకు చుట్టి ప్రతులు తీసే మిషన్ దగ్గర కనపడేది. దాన్నే సైక్లోస్టైల్ అనేవాళ్లు. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పీచు కాగితం, దాని కింద కార్బన్, ఆ కింద గట్టి అట్ట. ఇంగ్లీషు మేటరైతే టైపు మిషన్‌లో రిబ్బన్ తగలకుండా లివర్ పక్కకు తిప్పి కొట్టేవాళ్లు. అక్షరం మైనాన్ని పక్కకు తోస్తుంది, ఆ సందులోంచి ఇంకు దిగుతుంది. మరీ గట్టిగా కొడితే ఇంగ్లీషు o అక్షరం నడిమి గుండ్రం ఊడిపోయి, అచ్చులో నల్ల చుక్క పడుతుంది. తెలుగు టైపు మిషన్ ఉన్న బడులు తక్కువ. కాబట్టి తెలుగు పేజీలన్నీ స్టైలస్ అనే మొన కలంతో చేత్తో కోయాల్సిందే. ఆ మాట గమనించండి, స్టెన్సిల్ రాయడం అనరు, కోయడం అంటారు.

తెలుగు కోయడానికి లిపి గుండ్రంగా ఉండడం ఒక వరం. స్టెన్సిల్ చిరిగేది పొడుగాటి అడ్డగీత దగ్గర. శీర్షిక కింద ఆ చివర్నుంచి ఈ చివరికి ఒక్క గీత గీస్తే, డ్రమ్ము వంద చుట్లు తిరిగేలోగా అక్కడే నోరు తెరుచుకుంటుంది. గీత బదులు చుక్కల వరుస పెట్టేవాళ్లు, లేదా మధ్య మధ్య తెంపి చిన్న చిన్న ముక్కలుగా గీసేవాళ్లు. బొమ్మలో నలుపు నింపడం అసలు కుదరదు. నింపిన చోట మైనమంతా పోయి చిల్లు పడుతుంది. జడ నల్లగా కనపడాలంటే దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టాల్సిందే. ఒత్తులు మాత్రం ఇబ్బంది పెట్టేవి. క్ష్మ, స్త్ర లాంటివి ఇరుకుగా కోస్తే గీతలు కలిసిపోయి ముద్దవుతాయి. అందుకని లావు సైజులో, పంక్తికి పంక్తికి మధ్య వేలు పట్టేంత జాగా వదిలి కోసేవాళ్లు. అరఠావు స్టెన్సిల్‌లో పాతిక ముప్పై పంక్తులకు మించి పట్టించాలనుకోవడం దురాశే.

తప్పు పడితే ఎర్రటి కరెక్షన్ ద్రవం. నెయిల్ పాలిష్ సీసా లాంటి సీసా, అలాంటి కుంచే. ముందు స్టెన్సిల్‌కీ కార్బన్‌కీ మధ్య ఒక పెన్సిలు దూర్చి ఎత్తి పెట్టాలి, లేకపోతే ద్రవం కిందికి దిగి రెండూ అతుక్కుంటాయి. పలచగా ఒక్క పూత పూసి, ఉఫ్ అని ఊది, నిమిషం ఆగి, దాని మీద ఈసారి తేలిగ్గా కోయాలి. ఓపిక లేక తడి మీదే కోసినవాళ్లు మళ్లీ మొదటి పంక్తి నుంచి కొత్త స్టెన్సిల్ పట్టుకోవాల్సి వచ్చేది.

రోనియో ఇంకు గాలికి ఆరదు, కాగితంలోకి ఇంకుతుంది. కాబట్టి నున్నటి ఖరీదైన కాగితం పనికిరాదు. గరుకుగా, ఇంకు పీల్చే డూప్లికేటింగ్ కాగితం ఉండాలి. ఒక వైపు వేసి ఒక రోజంతా వదిలేయకుండా రెండో వైపు వేస్తే, కింది కాగితం ఇంకు పై కాగితం వీపుకు అంటుకుని మరకలవుతుంది. కార్తీక మాసపు వానల్లో ఇంకో తంటా. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే కదా. చెమ్మ పట్టిన కాగితాలు జంటగా లోపలికి పోయేవి, ఒకటి అచ్చయి ఒకటి తెల్లగా వచ్చేది. దస్తా దస్తా విడదీసి పేకముక్కల్లాగా విసిరి గాలి పట్టించాకే ట్రేలో పెట్టేవాళ్లు. ఇంత జాగ్రత్తపడితే ఒక స్టెన్సిల్ మూడు నాలుగు వందల ప్రతులకు నమ్మకంగా వచ్చేది. ఆ పైన పై అంచు చిల్లుల దగ్గర జారడం మొదలు.

ఇక అచ్చు పత్రిక. సీసం అక్షరాలు, ట్రెడిల్ మిషన్, ప్రెస్సు గుమ్మంలోనే కొట్టే కిరోసిన్ వాసన. ఇక్కడ పని పంచాంగాన్ని బట్టి నడిచేది, అది చాలామందికి తెలియదు. బడి వార్షికోత్సవాలు జనవరి ఫిబ్రవరిలో. మాఘమాసం ముహూర్తాలూ అప్పుడే. తిరుపతిలో ప్రెస్సంటే శుభలేఖలు, శుభలేఖలంటే శ్రీలు. వరుడి పేరు ముందు శ్రీ, వాళ్ల నాన్న పేరు ముందు శ్రీ, దేవుడికి మూడు నాలుగు శ్రీలు. కేసులో, అంటే అక్షరాల గళ్ల పెట్టెలో, శ్రీ గడి ఖాళీ అయ్యాక బడి పత్రిక తీసుకెళ్తే, మన ఆరుగురు శ్రీనివాసులకూ అక్షరం ఎక్కడ? అక్షరాలు పేర్చే కంపోజిటర్, శుభలేఖ అచ్చయి అక్షరాలు కేసులో తిరిగి పడేదాకా ఆగమనేవాడు. తెలిసిన అయివార్లు మేటరంతా ధనుర్మాసంలోనే ఇచ్చేసేవాళ్లు. ముహూర్తాలు ఉండవు, ప్రెస్సు ఖాళీ, సంక్రాంతికి ప్రూఫులు, అంటే తప్పులు దిద్దడానికి తీసే అచ్చు కాగితాలు, చేతికొచ్చేవి.

అక్షరాల కొరత ఉంటుంది కాబట్టి 48 పేజీలూ ఒకేసారి కంపోజ్ చేయరు. ఎనిమిది పేజీలు కంపోజ్ చేసి, అచ్చువేసి, అక్షరాలు మళ్లీ గళ్లలో పంచి, తర్వాతి ఎనిమిది. అంటే ప్రూఫు ఏ రోజుది ఆ రోజే చూసి ఇవ్వాలి. మన దగ్గర రెండు రోజులు ఆగితే అక్కడ అంత సీసం గ్యాలీలో, అంటే పేర్చిన అక్షరాలు ఉంచే పళ్లెంలో, ఇరుక్కుని ఉంటుంది.

ప్రూఫు దిద్దడం ఇద్దరి పని. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఒకరు అచ్చు చూడాలి. ఒక్కరే చూస్తే కన్ను తప్పును తానే సరిచేసుకుని చదివేస్తుంది. అచ్చులో వచ్చే తప్పులకు ఒక వరస ఉండేది. ధ కింది చిన్న గీత అరిగిపోయి ద అవుతుంది, బాధ కాస్తా బాద. ష పొట్టలో గీత విరిగి ప అవుతుంది. మ, య తారుమారు. కేసు గళ్లలో పక్క గడి అక్షరం చేతికి రావడం. దిద్దాక కూడా నమ్మడానికి లేదు. చిమ్టాతో ఒక అక్షరం పీకి ఇంకోటి పెట్టేటప్పుడు పక్కది కదులుతుంది. కాబట్టి రెండో ప్రూఫులో దిద్దిన పంక్తితో పాటు పైదీ కిందిదీ చూడాలి. పేర్లకు మాత్రం వేరే పద్ధతి. అన్నీ అయ్యాక, చివరి పేజీ నుంచి వెనక్కి వస్తూ పేర్లే, పొడి అక్షరాలే, సెక్షన్లే హాజరు పట్టీ పక్కన పెట్టుకుని సరిచూసేవాళ్లు. వెనక్కి ఎందుకంటే, కథలో పడి పేరు దాటిపోకుండా.

డమ్మీ, అంటే పేజీల వరస చూసుకునే పత్రిక నమూనా, చేయడం పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన పని. క్రౌన్ పావు సైజు పత్రిక అనుకుందాం. 20 అంగుళాలకు 30 అంగుళాల డబుల్ క్రౌన్ కాగితాన్ని మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు, ఒక్కొక్కటి ఏడున్నరకు పది అంగుళాలు. కటింగ్ అయ్యాక కొంచెం తగ్గుతుంది. 48 పేజీలకు ప్రతికి మూడు పెద్ద కాగితాలు. 500 ప్రతులకు 1500, అంటే మూడు రీములు. పాడయ్యేవాటికి నూటికి ఐదు చొప్పున ఇంకో 75, అంటే మూడు దస్తాలు. ముఖపత్రానికి అదే సైజు దళసరి కాగితం ఒకటికి నాలుగు అట్టలు వస్తాయి, 125 కాగితాలు, పాడుతో కలిపి 140 పెట్టుకుంటే నిశ్చింత.

చిన్న డమ్మీకి రఫ్ నోటు కాగితాలు పన్నెండు చాలు. అన్నీ కలిపి మధ్యకు మడిచి, పేజీ నంబర్లు వేసి, విప్పి చూడాలి. ఒకటో పేజీ పక్కన 48, రెండు పక్కన 47, మూడు పక్కన 46. ఏ కాగితం విప్పినా పక్కపక్క నంబర్లు కూడితే 49. ఈ లెక్క పిల్లలు కనిపెట్టినప్పుడు లెక్కల సారుకు పట్టరాని సంతోషం. లెక్కే కాదు, దానివల్ల లాభమూ ఉంది. 24, 25 ఒక్కటే రెండు పేజీలూ ఒకే కాగితం మీద, ఎదురెదురుగా వచ్చే చోటు. జిల్లా పటమో, బడి మొత్తం ఫోటోనో రెండు పేజీలకు పరచాలంటే అక్కడే. వేరే చోట పరిస్తే సగం ఒక కాగితం మీద, సగం ఇంకో కాగితం మీద అచ్చయి, మధ్యలో మనిషి ముక్కు ఒకచోట, చెవి ఒకచోట. నాలుగుతో భాగం పోని పేజీల సంఖ్య పెట్టుకుంటే చివర తెల్ల పేజీలు మిగులుతాయన్నది డమ్మీ చేతిలో ఉంటే ఎవరూ చెప్పక్కర్లేదు.

పన్నెండు కాగితాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి మధ్యలో పిన్ను కొడితే లోపలివి బయటకు పొడుచుకొస్తాయి, దాదాపు ఒక మిల్లీమీటరు. కటింగ్ మిషన్ ఆ పొడుచుకొచ్చినదాన్నే కోస్తుంది. పేజీ నంబరు అంచుకు మరీ దగ్గరగా ఉంటే నడిమి పేజీల్లో సగం నంబరు పోతుంది. అర అంగుళం లోపలికి పెట్టడం మంచిది.

లోపల రెండు కాలమ్‌లు, ఒక్కొక్కటి రెండుముప్పావు అంగుళాలు. మూడు కాలమ్‌లు పెట్టాలని దినపత్రిక చూసి ఉబలాటపడేవాళ్లు ఉండేవాళ్లు. తెలుగు మాటలు పొడుగు, పంక్తి చివర విరవడానికి ఒప్పుకోవు. ఇరుకు కాలమ్‌లో పంక్తికి రెండు మాటలే పట్టి, మధ్యలో ఊడిన పళ్లలాగా సందులు. చిన్న తరగతుల పిల్లలు చదవాలంటే 14 పాయింటు అక్షరం, పంక్తి నుంచి పంక్తికి 18 పాయింట్లు, అంటే పావు అంగుళం. ఇంగ్లీషుకు చాలే ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తు, కింది పంక్తి గుడి తలకాయ కొట్టుకుంటాయి. ఈ కొలతతో ఎనిమిది అంగుళాల కాలమ్‌లో 32 పంక్తులు, సుమారు 110 నుంచి 120 మాటలు. ఒక పిల్లవాడికి ఒక కాలమ్ అని ముందే చెప్పేస్తే, మూడు పేజీల వ్యాసాన్ని కోసి ఏడిపించే పని ఉండదు.

ఒకే విషయం మీద పది వ్యాసాలు రావడం మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఆనవాయితీ. ఠాగూరు 1919లో మదనపల్లె కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారన్న సంగతి రాయని సంవత్సరం లేదు. చంద్రగిరి కోట, తలకోన, హార్స్‌లీ కొండలు, విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు సరేసరి. తొమ్మిదింటిని బుట్టలో వేయడం తేలిక, కానీ తొమ్మిది పేర్లూ పోతాయి. దీనికో మంచి ఉపాయం ఉండేది. భక్తులు రోజుకో వేషం కట్టే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద ఏడు వ్యాసాలు వస్తే, బైరాగి వేషం ఒకరికి, బండ వేషం ఒకరికి, దొర వేషం ఒకరికి, మాతంగి వేషం ఒకరికి, సున్నపు కుండలు ఒకరికి, ఇలా పంచి, తలా నాలుగు పంక్తుల డబ్బాలు కట్టి ఒకే పేజీలో పరిచేవాళ్లు. ఏడు పేర్లూ వచ్చాయి, పేజీ కూడా జాతరలాగే కళకళలాడేది.

బొమ్మలు, ఫోటోలు అచ్చుకావాలంటే జింకు బ్లాకులు, అంటే బొమ్మ ఎక్కించిన జింకు అచ్చుదిమ్మలు కావాలి. ఎక్కువగా మద్రాసు నుంచి చేయించి తెప్పించేవాళ్లు. ఇక్కడ ఎన్ని బడులు దెబ్బతిన్నాయో. బ్లాకు చేసే ఫిల్ముకు నీలం కనపడదు, తెలుపుగానే పోతుంది. పిల్లలు నీలం బాల్ పెన్నుతో ముచ్చటగా గీసిన ఏడుకొండలు బ్లాకులో మాయం. ఎరుపు మాత్రం నలుపుతో సమానంగా వస్తుంది. గీత బొమ్మంటే ఇండియన్ ఇంకుతో, తెల్ల డ్రాయింగ్ షీటు మీద, కావలసిన సైజుకు రెట్టింపు గీయాలి. తగ్గించినప్పుడు చేతి వణుకు కూడా సగానికి తగ్గుతుంది. కింద నీలం పెన్సిలుతో గీసుకున్న గుర్తులు చెరపక్కర్లేదు, ఫిల్ము వాటిని చూడదు కదా. శ్రీకాళహస్తి కలంకారీ అంచులు ఇందుకు కుదిరినట్టు ఇంకేవీ కుదరవు. వెదురు కలంతో గీసిన నల్ల గీతలు, ఉంటే నలుపు, లేకుంటే తెలుపు, మధ్య ఛాయలు అక్కర్లేదు. ఒక్క అంచు బ్లాకు చేయించుకుంటే ప్రతి విభాగం మొదటి పేజీకీ అదే వాడుకోవచ్చు.

ఫోటోల దగ్గర లెక్క వేసి చూపిస్తే గానీ ఎవరూ నమ్మరు. గ్రూపు ఫోటోలో వరుసకు పన్నెండు మంది, ఆరు అంగుళాల బ్లాకు. మనిషికి అర అంగుళం, అందులో ముఖం అంగుళంలో ఐదో వంతు. ఫోటోను చుక్కలుగా విడగొట్టే స్క్రీను మామూలు కాగితానికి అంగుళానికి 65 చుక్కలది. అంటే ఒక ముఖానికి అడ్డంగా పదమూడు చుక్కలు. పదమూడు చుక్కల్లో కళ్లు, ముక్కు, మీసం రావాలంటే ఎట్లా? అందరూ ఒకే మనిషిలా ఉంటారు, ఆరుగురు శ్రీనివాసులూ ఒక్కటే. సన్నటి స్క్రీను వేద్దామంటే గరుకు కాగితం మీద చుక్కలు కలిసిపోయి నల్ల మరక. దారి ఒక్కటే, తరగతిని రెండుగా చీల్చి, వరుసకు ఆరుగురు చొప్పున నిలబెట్టి రెండు ఫోటోలు తీయించాలి. బ్లాకు ఖర్చు రెట్టింపు. అందుకే వెనక అట్ట ప్రకటన డబ్బు ముందే మాట్లాడుకునేవాళ్లు.

తర్వాత కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, బటర్ పేపర్ మీద అద్దంలో చూసినట్టు తిరగేసి తీసిన ప్రింట్లు, ఆఫ్‌సెట్ ప్లేట్లు. శ్రీల కొరత తీరింది. దాని బదులు కొత్త తప్పులు పుట్టాయి. ఫ్లాపీలో ఇచ్చిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి గుర్తులు. తెలుగు ఫాంటు ఉన్నచోట ఇంగ్లీషు పొడి అక్షరం కొడితే ఏదో ఒత్తు వచ్చి కూర్చుంటుంది, ఇంటిపేరు పోయె. ఇప్పుడు యూనికోడ్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. చదివే మేటరుకు మండలి, శీర్షికకు రామభద్ర, ఆ రెండూ చాలు. ఇన్‌డిజైన్‌లో పేజీలు పెట్టేవాళ్లు పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, మంచి అచ్చుకు అంగుళానికి 300 కావాలి, అంటే ఐదు అంగుళాలకు మించి సాగదు. డాక్యుమెంటుగా పంపమనాలి. హాజరు పట్టీతో పేర్లు సరిచూడడం మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేసి పెట్టదు.

పాత సంచికలు ఇంట్లోనో బడి లైబ్రరీలోనో దొరికితే ముందు పిన్నులు తీసేయండి. తుప్పు పక్క కాగితాన్ని తినేస్తూ పోతుంది. గోరుతో కాదు, వెనక కొనలు సన్నటి పట్టకారుతో నిలబెట్టి ముందు నుంచి లాగాలి. అవే చిల్లుల్లోంచి తెల్ల నూలు దారంతో కుట్టేస్తే చాలు, గమ్ము టేపు వద్దు. స్కాన్ చేసేటప్పుడు అక్షరాల పేజీలకు అంగుళానికి 300 చుక్కలు చాలు, చుక్కల ఫోటోలున్న పేజీలకు 600 పెట్టి తర్వాత తగ్గించాలి, లేకపోతే చుక్కల మీద చుక్కలు పడి గళ్ల చీర అల్లిక కనపడుతుంది. పేజీల మధ్య నాలుగు వేళ్ల వెడల్పు చీటీ ఒకటి విడిగా జారి పడుతుంది, పారేయకండి. అది తప్పొప్పుల పట్టిక. 17వ పేజీలో జి. అని పడిన శ్రీనివాసులును కె. అని చదువుకోవాలని చెప్పేది ఆ చీటీయే. దాన్ని కూడా స్కాన్ చేసి 17వ పేజీ పక్కనే పెట్టండి.